సుమతి టీచర్ ఊఁ కొట్టిన నవల

2024 వర్షాకాలం. అప్పుడు నేను విశాఖ కొండల మీది ఏజెన్సీ ప్రాంతంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పడమే మా ఉద్యోగమని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మాట్లాడి మాట్లాడి గొంతు పాడుచేసుకున్న పెద్దవాళ్లు కూడా మా దగ్గరికే వస్తారు. సంతలో అరిచి సరుకు అమ్మేవాళ్లు, చర్చిలో పాటలు పాడించేవాళ్లు, అందరికంటే ఎక్కువగా టీచర్లు.

ఒకరోజు వచ్చినావిడ కూడా టీచరే. పేరు సుమతి. అనంతగిరి వైపు ఒక గూడెంలో పుట్టి పెరిగి, ముంచింగిపుట్టు దారిలో ఉన్న ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో తెలుగు చెబుతోంది. తోడుగా ఆ హాస్టల్ వంటమనిషి దాలమ్మ వచ్చింది.

"ఏమిటండీ ఇబ్బంది?" అని అడిగాను.

సుమతి నోరు తెరిచింది. రేకు మీద ఇసుక జారినట్టు ఏదో చప్పుడు వచ్చింది. మిగతాది దాలమ్మ అందుకుంది.

"నెల్లాళ్ల నుంచి ఇదే వరసమ్మా. పొద్దున్న కొంచెం గొంతుంటాది, సాయంత్రానికి పోతాది. మిరియాల కషాయమిచ్చాను, తేనిచ్చాను. ఏటి సేసినా లొంగట్లేదు."

గొంతు డాక్టరుగారు లోపల కెమెరా పెట్టి చూసి చీటీ మీద వోకల్ నాడ్యూల్స్ అని రాశారు. రోజూ గొడ్డలి పట్టే చేతికి కాయలు కాస్తాయి కదా, అలా స్వరతంతువులకు కాసే చిన్న చిన్న కాయలు అవి. గొంతు వాడే పద్ధతి మార్చుకుంటే చాలావరకు కరిగిపోతాయి. కరగకపోతే విశాఖ పంపించి ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామని డాక్టరుగారు చెప్పారు. ఆపరేషన్ మాట వినగానే సుమతి ముఖంలో రంగు మారింది.

"గొంతు మారిపోద్దా మేడం? ఉద్యోగం ఎలాగ మరి?"

"అందాకా రానివ్వం" అని కేస్ హిస్టరీ మొదలుపెట్టాను. గొంతు ఎక్కడ అరిగిపోతోందో కనుక్కోవడానికి వేసే ప్రశ్నలు అవి.

"క్లాసులో అరుస్తారా?"

"లేదు మేడం."

"ఇంట్లో?"

"ఒక్కదాన్నే ఉంటాను. ఎవరితో మాట్లాడతాను?"

దాలమ్మ పైకప్పు వైపు చూసింది. "మరి సాయంత్రం కతల సంగతి సెప్పవేటి టీచరమ్మా?"

అప్పుడు బయటపడింది. సాయంత్రం చీకటి పడకముందే పిల్లలకు భోజనాలు పెట్టేస్తారు. ఆ తర్వాత డైనింగ్ షెడ్డులో సుమతి వాళ్లకు నవలలు చదివి వినిపిస్తుంది. ఆషామాషీ నవలలు కావు. ఆ వయసు పిల్లల కోసం కొత్తగా వస్తున్న ఫాంటసీలు, మంత్రగత్తెలు, మాయాకోటలు. పుస్తకం విడుదలవుతోందని ఫోన్లో చూసిన మరుక్షణం ఆర్డరు పెట్టేస్తుంది. షెడ్డుకు రేకుల పైకప్పు. మా కొండల్లో వాన రేకుల మీద పడితే పక్కవాడి మాట వినపడదు. ఆ వాన మీద గెలిచేలా చదవాలి, ఆపైన ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టాలి.

"ఎలా చదువుతారో ఒకసారి వినిపించండి" అన్నాను.

సంచీలోంచి లావుపాటి పుస్తకం తీసింది. 'ఉప్పుకోట మంత్రగత్తె', మూడో భాగం, కొత్తగా వచ్చింది. సుమతి గొంతు సవరించుకుని మంత్రగత్తెగా మారింది. మెడ నరాలు తాళ్లలా తేలాయి. భుజాలు చెవుల దాకా లేచాయి. పక్క గదిలో ఏడుస్తున్న చంటిది టక్కున ఏడుపు ఆపేసింది.

"కారణం దొరికింది" అన్నాను.

మెచ్చుకున్నాననుకుంది. కళ్లు మెరిశాయి. ఇక ఆ బొంగురు గొంతుతోనే వరద మొదలైంది.

"మూడో భాగం అదిరిపోయింది మేడం! రెండోదే నీరసం. ఆ రాకుమారుడు లేడూ, వాడొట్టి దండగ. మొదటి భాగంలోనే కొండ పరిగెత్తుకుని ఎక్కేసి, పైన నిలబడి పేజీడు ఉపన్యాసం ఇస్తాడు. ఆయాసం రాదా? ఈ రచయిత్రి ఎప్పుడైనా ఘాట్ ఎక్కిందా? పుస్తకం ముందర మ్యాపు వేసిందండి, సముద్రం నుంచి మంచుకొండకి ఒక్క పూటలో వచ్చేస్తారు. మా ఊరి జీపు కూడా రాదు! కానీ మంత్రగత్తె మాత్రం... అబ్బ! మొన్న వచ్చిన ఇంకో నవల ఉంది మేడం, హాస్టల్ కథ. అందులో ఒక్కో ఆడగుంటకీ ఒక్కో గదట. అది హాస్టలేటి, లాడ్జా?"

రోజుకు నీళ్లు ఎన్ని తాగుతారని మధ్యలో నేనడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు.

ఆవిడకు వాయిస్ రెస్ట్ రాశాను. కొన్నాళ్లపాటు పూర్తి మౌనం అన్నమాట. గుసగుసలు కూడా పనికిరావు, అవి గొంతును ఇంకా బిగిస్తాయి. ఆపైన పెదాలు మూసి 'మ్' అని సాగదీసి పలికే అభ్యాసం చెప్పాను. దాన్ని రెజొనెంట్ వాయిస్ అంటాం. శబ్దం గొంతులో ఇరుక్కోకుండా ముందుకొచ్చి ముక్కు దగ్గరా పెదాల మీదా సన్నటి గిలిగింత పెట్టాలి. సుమతి ఫోన్ తీసి టైపు చేసి చూపించింది: 'మంత్రగత్తె చివర్లో గుసగుసగా శాపం పెడుతుంది. అది కూడా వద్దా?'

"అది అసలే వద్దు."

వెళ్తూ వెళ్తూ మొదటి భాగం నా బల్ల మీద పెట్టి, చదవమని సైగ చేసింది. ఇంటర్ పరీక్షల తర్వాత నేను నవల ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా మొహమాటపడి తీసుకున్నాను.

మళ్లీ వచ్చేసరికి గొంతు బాగుపడకపోగా ఇంకా దిగజారింది. దాలమ్మే చెప్పింది.

"క్లాసులో బోర్డు మీద రాసి నెట్టుకొస్తంది అమ్మా. సాయంత్రాలు లెక్కల సారుని సదవమన్నాం. ఆయన కత సదువుతుంటే వడ్డీ లెక్క సెప్పినట్టుంది. అందులో పులి సచ్చిపోయే కాడ, 'పులి మరణించెను' అని పేజీ తిప్పేశాడు. ఈవిడ వెనకనుంచి ఒక్క కేక! గుంటలు దడుచుకున్నారు."

సుమతి తల దించుకుంది కానీ, పశ్చాత్తాపం మాత్రం కనబడలేదు.

అభ్యాసం చేయించాను. 'మ్' అనమంటే చేదు మందు మింగుతున్నట్టు అంది. గొంతు బిగుసుకుపోయింది. మళ్లీ, మళ్లీ. ఏమీ లాభం లేదు. చీటీలో విశాఖ అని రాయాల్సి వస్తుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మాట మార్చుదామని అన్నాను:

"మీరిచ్చిన పుస్తకం చదివానండీ. ఆ రాకుమారుడు ఎంత బాగున్నాడో!"

"ఊఁహూఁ!"

మూసిన పెదాల వెనకనుంచే, కంచుపళ్లేన్ని వేలితో మీటినట్టు మోగింది. బొంగురు లేదు, బిగింపు లేదు. నేను కలం కింద పెట్టేశాను.

"అలా అంటారేంటి? తమ్ముడి కోసం రాజ్యం వదులుకున్నాడు పాపం."

"ఊఁ... హూఁ."

"కొండ మీద అతని ఉపన్యాసం చదువుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు."

"ఊఁహూఁ! ఊఁహూఁ!"

దాలమ్మ కంగారుపడింది. "ఊరుకోండి డాక్టరమ్మా, టీచరమ్మకి కోపమొచ్చేత్తంది."

"రానివ్వు దాలమ్మా. మందు పనిచేస్తోంది." సుమతి వైపు తిరిగాను. "పెదాల మీద గిలిగింత తెలిసిందా?"

ఆవిడ వేళ్లతో పెదాలు తాకి చూసుకుంది. కళ్లు పెద్దవి చేసి తలూపింది.

"నేను అడుగుతున్న 'మ్' అదే. ఇప్పటిదాకా అభ్యాసంగా చేశారు కాబట్టి రాలేదు."

అక్కడే కూర్చుని ముగ్గురం ఒక ఏర్పాటు చేశాం. కథ చెప్పేవాళ్లకు ఎదురుగా ఊఁ కొట్టే మనిషి ఒకరుండాలి కదా. ఇకమీదట సుమతి ఆ మనిషి. పిల్లలే తలో పేజీ చదువుతారు. వాన హోరెత్తితే పుస్తకం మూసేస్తారు. బాగుంటే సుమతి 'ఊఁ' అంటుంది, బాగోకపోతే 'ఊఁహూఁ' అంటుంది. అంతకుమించి ఒక్క మాట లేదు. పిల్లలెవరూ మంత్రగత్తె పాత్రకు ముందుకు రాకపోతే ఏం చేయాలని ఆవిడ టైపు చేసింది. దాలమ్మ కొంగు బిగించింది. "నానున్నాను కదేటి!"

కొన్నాళ్లకు ముంచింగిపుట్టులో మా ఆసుపత్రి క్యాంపు పడితే, ముందురోజు సాయంత్రం ఆ హాస్టల్లో ఆగాను. పిల్లలు షెడ్డులో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ముందు వరసలో సుమతి. దాలమ్మ చేతిలో గరిటె. దాలమ్మకు చదువు రాదు కాబట్టి ఒక పిల్ల చెవిలో వాక్యం చెబుతుంటే ఆవిడ దాన్ని తన లెక్కలో పలుకుతోంది.

"ఓరి రాకుమారుడా! నా ఉప్పుకోట మీద సెయ్యేశావంటే నిన్ను ముక్కలు కోసి ఊరగాయ పెట్టేత్తాను, బేగి ఎల్లిపో!"

పుస్తకంలో ఆ మాట లేదు. షెడ్డంతా సుమతి వైపు తిరిగింది. రచయిత్రి రాసిన అక్షరం ముట్టుకుంటే ఊరుకునే మనిషి కాదు. ముఖంలో ఏదో పెద్ద యుద్ధం జరిగింది. చివరికి, "ఊఁ" అంది. పిల్లలు పళ్లేలు మోగించారు.

ఆ రోజే రాకుమారుడు చనిపోయే ఘట్టం వచ్చింది. చదువుతున్న ఈశ్వరి అనే తొమ్మిదో తరగతి పిల్లకు సగంలో ఏడుపొచ్చేసింది. అక్షరాలు కదలడం లేదు. సుమతి సగం లేచింది. పుస్తకం అందుకోవడానికి చెయ్యి చాచింది. నేను వద్దని తలూపాను. ఆవిడ నన్ను చూసింది, పిల్లను చూసింది, మెల్లగా కూర్చుంది. "ఊఁ..." అంది, మెత్తగా, బుజ్జగిస్తున్నట్టు. ఈశ్వరి ముక్కు తుడుచుకుని తర్వాతి వాక్యం చదివింది. మళ్లీ "ఊఁ". మళ్లీ ఇంకో వాక్యం. అలా చెయ్యి పట్టుకుని వాగు దాటించినట్టు, పేజీ చివరిదాకా దాటించింది.

నేను బయల్దేరుతుంటే ఫోన్ చూపించింది: 'ఊఁ కొట్టింది ఆ గుంట కోసం మేడం. వాడి కోసం కాదు.'

చలికాలం వచ్చేసరికి కెమెరాలో కాయలు కనపడీ కనపడనట్టున్నాయి. విశాఖ అవసరం లేదని డాక్టరుగారు తేల్చేశారు. ఆ సంతోషం నాకు చెప్పడానికి వచ్చిన సుమతి సంతోషంగా లేదు. గొంతు నిండుగా, హాయిగా ఉంది. ఆ గొంతుతో ఫిర్యాదు చేసింది.

"కొత్త నవల వచ్చింది మేడం. నేను చదువుతానంటే గుంటలు పుస్తకం ఇవ్వడం లేదు. 'మీరు ఊఁ కొట్టండి మిస్, మేం చదువుతాం' అంటన్నారు!"

"మీ గొంతుకు అదే మంచిది" అన్నాను. "ఎలా ఉంది కొత్త నవల?"

ఆ జవాబు పూర్తయ్యేసరికి నా తర్వాతి పేషెంటు బయట కునుకు తీశాడు.

గొంతు దేనివల్ల పాడైందో అడగడమే మాకు కాలేజీలో నేర్పారు. ఆ గొంతు మనిషికి దేనికోసం కావాలో కూడా అడగాలని నాకు సుమతి కేసు నేర్పింది. మౌనం రాసిచ్చి పంపేస్తే మనిషి దొంగచాటుగా మాట్లాడుతూనే ఉంటాడు. ఇష్టమైన పనిలోంచి వైద్యం మొదలుపెడితే తనంతట తనే చేస్తాడు. అందుకే ఇప్పుడు కేస్ హిస్టరీలో ఒక ప్రశ్న చేర్చాను: మీ గొంతుతో మీరు చేసే పనుల్లో మీకు అన్నిటికంటే ఇష్టమైనది ఏది? కొందరు పాట అంటారు. గూడెం కొత్తవీధి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మేకల్ని పిలవడం అన్నాడు. మొన్న ఒక బస్సు కండక్టరు చాలాసేపు ఆలోచించి, సిగ్గుపడుతూ, "మా ఆవిడతో దెబ్బలాట మేడం" అన్నాడు.

వచ్చే వారం ఆవిడను కూడా తీసుకురమ్మన్నాను.