పులివెందులలో నాది కాని సీటు

ఇరవై తొమ్మిదేళ్లు జమ్మలమడుగులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. అన్నేళ్లలో ఎక్కువసార్లు చెప్పిన పాఠం ఒక నాటకం. ఇంగ్లండు మహాకవి రాసింది. ముసలి రాజు రాజ్యాన్ని కూతుళ్లకు పంచిపెట్టి, చివరికి తాను గాలివానలో నిలబడే కథ. దాన్ని రంగస్థలం మీద మాత్రం ఒక్కసారీ చూడలేదు. తీరిక ఉన్నప్పుడు తోడు లేదు, తోడు దొరికినప్పుడు తీరిక లేదు.

హైదరాబాదు బృందం ఒకటి దాన్ని తెలుగులో వేస్తూ మన వైపు వస్తోందని వాట్సాప్‌లో చూశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పులివెందులలో, తర్వాతి ఆదివారం ప్రొద్దుటూరులో. ప్రొద్దుటూరు నాకు దగ్గర. పులివెందులకు రెండు గంటలు పడుతుంది. అయినా ఇంకో వారం ఆగలేకపోయాను. ఆగి ఉంటే ఇది రాయవలసి వచ్చేది కాదు.

టికెట్లు ఫోన్లోనే తీసుకోవాలి. బుధవారం సాయంత్రం కళ్లద్దాలు పెట్టుకుని అరగంట కుస్తీ పట్టాను. బ్యాంకు నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది, టికెట్ రాలేదు. వాళ్లిచ్చిన నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. మనిషి ఎదురుగా పోయి నిలబడితే ఇవ్వకపోతారా అనుకుని ఆదివారం బయలుదేరాను. ఇది టీచర్ల జబ్బు. మనం నిలబడితే ఎదుటివాళ్లు లేచి దారి ఇస్తారని అనుకుంటాం.

తొమ్మిదీ ఇరవైకి పులివెందుల బస్సు కదిలింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ చించి ఇచ్చాడు. పెన్న మీద వంతెన దాటేటప్పుడు ఇసుకలో సన్నటి నీటి పాయ మెరిసింది. ముద్దనూరులో పది నిమిషాలు ఆగింది. దూరంగా కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. అక్కడ ఒక పెద్దాయన ఎక్కి నా పక్క వరుస సీట్లో కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడకు వేలాడే కళ్లద్దాలు, ఒళ్లో గుడ్డ సంచి.

బస్సు కదిలాక ఆయనే పలకరించాడు. "యాడికి పోతాండారు మేడం?"

నేను టీచరునని ఎట్లా తెలిసిందో, చూడగానే మేడం అన్నాడు. నాటకానికని చెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

"నేనూ ఆడికే. మా పాప ఏస్తాంది దాంట్లో."

పేరు మహబూబ్ బాషా. ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టే టైలరు. కూతురు షాహీనా ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుతోంది. చిన్న వేషాలకు ఈ ప్రాంతం పిల్లలను తీసుకుంటామని నాటకం వాళ్లు అడిగితే పోయి చేరిందట.

"శానా సేపు ఉండదంట మేడం. పనోడి వేసం. ఒక మాట చెప్పి సచ్చిపోతాదంట. చదువుకునే పిల్లకు ఇవన్నీ ఏందని మూడు నెల్లు మాట్లాడల్యా నేను పాపతో. ఇంగ మొన్న పాపే టికెట్ పంపించి, నాయనా నువ్వొస్తే సాలు అనె. చెప్పకుండా పోయి ముందర కూచ్చుందామని పోతాండా."

ఫోను నా చేతికిచ్చాడు. "ఇంగ్లీసులో ఉండాది. యాడ కూచోవల్లనో రోంత సూసి చెప్పండి."

డి-14. ఎడమ వైపు, నాలుగో వరుస. కింద క్యూఆర్ కోడ్. చదివి చెప్పాను. నా టికెట్ రాలేదని కూడా చెప్పి, "నాకు రావలసింది ఇట్లాంటిదే అని వాళ్లకు చూపించడానికి ఒక ఫోటో తీసుకుంటాను" అన్నాను. "తీసుకోండి మేడం, దాందేముంది" అని ఫోను కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫోటో తీసుకున్నాను. అప్పుడు నా మనసులో ఇంకేమీ లేదు. ఇది నిజం. తర్వాత జరిగినదానికి ఈ నిజం అడ్డురాదు.

తొండూరు దాటాక బత్తాయిలు కాసే చీనీ తోటలు, అరటి తోటలు మొదలయ్యాయి. పదకొండుంపావుకు పులివెందులలో దిగాం. బస్టాండు బల్ల మీద ఆయన సంచి విప్పి, ఇంటినుంచి తెచ్చిన జొన్నరొట్టె, వంకాయ కూర సగం నాకు పెట్టాడు. వద్దన్నా వినలేదు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. కాసేపు నీడలో కూర్చుని, ఒకటిన్నరకు ఆటోలో కాలేజీ ఆడిటోరియం దగ్గర దిగాం. ఆట మూడింటికి.

"నమాజు చేసుకోని ఆట టయానికి వస్తా మేడం, మీరు పోతా ఉండండి" అని ఆయన మసీదు వైపు పోయాడు.

గేటు పక్కన షామియానా, దాని కింద ఒక టేబుల్, చుట్టూ నలభై మంది. అందరిదీ నా కథే. డబ్బు పోయింది, టికెట్ రాలేదు. వేంపల్లె నుంచి వచ్చిన ఒక ఆవిడ చంటిపిల్లను ఎత్తుకుని నిలబడింది. టేబుల్ వెనక యువకుడు అందరికీ ఒకే మాట చెబుతున్నాడు. హాలు నిండిపోయింది, మెయిల్ పెట్టండి, డబ్బు వారంలో వెనక్కి వస్తుంది. నేను రిటైర్డు లెక్చరరునని చెప్పాను. అతను చేతులు జోడించి అదే మాట చెప్పాడు.

రెండున్నరకు తలుపులు తీశారు. లోపలికి పోయేవాళ్ల వరుస పక్కన నిలబడి నేను తలుపు దగ్గరి అబ్బాయిని అడగబోయాను. "టికెట్ మేడం" అన్నాడు. నాకు ఇట్లాంటిది రావాలి బాబూ అని చెప్పడానికే ఫోనెత్తి ఆ ఫోటో చూపించాను. ఆ మాట నోట్లో ఉండగానే అతని చేతిలోని మిషను కూసింది.

"డి-14. ఎడమ వైపు పోండి."

వెనకనుంచి జనం తోస్తున్నారు. తోశారు కాబట్టి పోయానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. పక్కకు జరిగి చెప్పడానికి చోటుంది. నా కాళ్లే లోపలికి నడిచాయి. ఆయన వస్తే ఫోను చూపిస్తాడు, కూతురు అందులోనే ఉంది, ఎట్లాగైనా లోపలికి పంపిస్తారు అనుకున్నాను. ఇన్నేళ్లకు చూడబోతున్నాను అని కూడా అనుకున్నాను.

మూడు కావడానికి అయిదు నిమిషాల ముందు ఆ తలుపు అబ్బాయి, అతని వెనక మహబూబ్ బాషా నా వరుస దగ్గరికి వచ్చారు.

"మేడం, ఈ సీటుకు ఇంకొకాయన వచ్చినాడు. రెండు ఫోన్లలో ఒకటే టికెట్ ఉంది. ఇది మీదేనా?"

ఆయన నన్ను చూశాడు. నేనూ ఆయన్ను చూశాను. చుట్టుపక్కల తలలు తిరిగాయి.

"నాదే" అన్నాను.

అబ్బాయి ఆయన వైపు తిరిగాడు. మహబూబ్ బాషా "మేడందే అయ్యుంటాది లేప్పా. నాదే ఏదో తప్పు" అన్నాడు. చొక్కా సర్దుకుని, వచ్చిన దారినే పోయాడు. దీపాలు ఆరిపోయాయి.

నాటకం బాగుందా అని అడిగితే బాగుందనే చెప్పాలి. రాజుగా వేసినాయన గొంతు హాలు చివరిదాకా వినిపించింది. వాన చప్పుడును వేదిక మీదే రేకులు, డప్పులతో పుట్టించారు. పెద్ద కూతుళ్లిద్దరూ మన ఇళ్లలో మాట్లాడుకున్నట్టే నింపాదిగా మాట్లాడుతూ తండ్రిని బయటికి నెట్టారు. నేను ఇవన్నీ చూస్తూ, పక్క తలుపు కింద వెలుగు గీతను కూడా చూస్తూ కూర్చున్నాను.

విరామానికి ముందు ఆ ఘట్టం వచ్చింది. రాజుకు సాయం చేసిన ముసలి ప్రభువును కుర్చీకి కట్టేసి కళ్లు పీకే ఘట్టం. ఒక కన్ను పోతుంది. అప్పుడు మూలనున్న పనివాడు ముందుకొచ్చి, కళ్లు పీకుతున్న తన యజమానినే ఆగమంటాడు. చిన్నప్పటినుంచి నీకు చాకిరీ చేశాను, ఇప్పుడు ఆగమని చెప్పడమే అన్నిటికంటే మంచి చాకిరీ అంటాడు. కత్తి దూస్తాడు, వెనకనుంచి పొడిస్తే చనిపోతాడు. అంతే. అతనికి పేరు కూడా లేదు. పరీక్షకు రాదు, వదిలేయండి అని ఎన్నో ఏళ్లు పిల్లలకు చెప్పాను.

షాహీనా తలకు గుడ్డ చుట్టుకుని మూలనుంచి వచ్చింది. సన్నటి పిల్ల. గొంతు పెంచలేదు. యజమాని చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పడిపోయినప్పుడు ఆమె ముఖం మా వరుస వైపే ఉంది.

నాలుగున్నరకు విరామం. బయటికి పరుగెత్తినట్టే పోయాను. టికెట్లు దొరకని వాళ్లు కొందరు ఇంకా మెట్ల మీదే ఉన్నారు. వాళ్లలో ఒక చివర మహబూబ్ బాషా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేనే ఆయన పక్కన కూర్చున్నాను.

"మా పాప వేసం అయిపోయిందా మేడం?"

"అయిపోయింది" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఫోటో సంగతి, మిషను కూసిన సంగతి, నాదే అని అబద్ధమాడిన సంగతి వరసగా చెప్పాను. క్షమించమని అడిగాను. మధ్యలో ఆగి ఆగి మళ్లీ మొదలుపెట్టాను.

"నాకి తెలుసు మేడం. డి పద్నాలుగు అని మీరే గదా చదివి చెప్పింది. నేనాడికొచ్చి సూస్తే మీరుండారు."

"మరి తప్పు మీదేనని ఎందుకన్నారు?"

"అంతమందిలో మిమ్మల్ని ఏమంటా మేడం? సదువు చెప్పేటోళ్లు." ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇప్పుడైనా వెళ్లి ఆ సీట్లో కూర్చోమని బతిమాలాను. "ఇంగ దేనికి మేడం, పాప సచ్చిపాయ గదా" అన్నాడు. తర్వాత కొంచెం దగ్గరికి జరిగాడు. "పాప వచ్చి అడుగుతాది. సూసినా అని చెప్తా. టికెట్ ఎట్ల పోయిందో దానికి తెలిస్తే ఈ పొద్దంతా అదే పట్టుకుంటాది. మీరేం చెప్పొద్దండి. ఆడ ఏం జరిగిందో నాకి చెప్పండి, సాలు." చెప్పనని మాటిచ్చాను.

మా వెనక చూసి వచ్చినవాళ్లు టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. "ముసలాయప్ప ఆస్తి రాసిచ్చేముందు రెండెకరాలన్నా తనకు పెట్టుకోవల్ల గదప్పా" అని తువ్వాలు వేసుకున్న రైతు. "చిన్నకూతురు తియ్యగా ఒక మాట చెప్పింటే ఏం పోయేది?" అని ఒకావిడ. "అబద్దం చెప్పల్యా ఆ పిల్ల. అది తప్పెట్లయితాది?" అని పక్కావిడ.

గంట కొట్టారు. అందరూ లోపలికి పోయారు. నేను పోలేదు. ఆ ముసలి రాజు చివరికి ఏమయ్యాడో రంగస్థలం మీద ఇప్పటికీ చూడలేదు.

మెట్ల మీద ఆయనకు ఆ రెండు నిమిషాలు చెప్పాను. యజమాని ఎక్కడ నిలబడ్డాడు, షాహీనా ఏ మూలనుంచి వచ్చింది, ఏ చెయ్యి పట్టుకుంది. ఆయన మధ్యమధ్య ఆపి అడిగాడు. "తలకు గుడ్డ ఏ రంగుది?" "కింద పడ్డప్పుడు దెబ్బ తగల్లేదు గదా?" నేను లేచి నిలబడి చూపించవలసి వచ్చింది. పనివాడు వణుకుతూ ముందుకొచ్చాడు, గొంతు పెగల్లేదు, అయినా చెప్పాడు అని చెప్పాను. ఆయన పెదవులు కదుపుతూ ఆ మాటను బట్టీ పట్టాడు.

అయిదూ నలభైకి ఆట అయిపోయింది. షాహీనా ముఖం కడుక్కుని, చెవుల దగ్గర రంగు ఇంకా అట్లాగే ఉండగా వచ్చింది. తండ్రిని చూసి ఆగిపోయింది.

"వచ్చినావా నాయనా? ముందర వరసల్లో ఎతికినా, కనపడల్యా."

"ఆడ్నే ఉంటి. చీకట్లో యాడ కనపడతాను?" ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. "బాగ చెప్పినావు. ఆగమని చెప్పేదే మంచి చాకిరీ అంటివి గదా, ఆడ నాకి కండ్లల్లో నీళ్లొచ్చె."

ఆ పిల్ల ఏడ్చింది. కాసేపటికి తేరుకుని నన్ను చూసింది.

"బస్సులో కలిసినారు. లెక్చరరు. నా టికెట్ సదివి చెప్పింది ఈ మేడమే" అన్నాడు ఆయన.

షాహీనా నా రెండు చేతులూ పట్టుకుంది. "థాంక్స్ మేడం. మా నాయనకు ఇంగ్లీసు రాదు. ఎట్లొస్తాడో అని బయపడతాంటి."

నేను మాట్లాడకుండా నిలబడ్డాను. ఆయనకు మాటిచ్చాను కాబట్టి అని అనుకోవచ్చు. కానీ ఆ మాట ఇచ్చినందుకు నాకు హాయిగా ఉండింది, అదే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

ఆరూ పదికి బస్సు. ముద్దనూరు దాకా ఇద్దరం పక్క పక్క వరుసల్లోనే కూర్చున్నాం. ముందు సీట్లలో నాటకం నుంచి వచ్చినవాళ్లే ముగ్గురు, రాజుది తెలివితక్కువతనం అని ఒకరు, కూతుళ్లది దుర్మార్గం అని ఒకరు వాదించుకుంటున్నారు. ఒకాయన మా వైపు తిరిగి, "మీరు యాడ కూచ్చుంటిరి? సరిగ్గ కనపడెనా?" అని అడిగాడు. మహబూబ్ బాషా "బాగ కనపడె" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. రోడ్డు పక్క పొలాలకు కంచెగా నిలబెట్టిన నాపబండలు సాయంత్రపు వెలుతురులో వరసగా వెనక్కి పోతున్నాయి. ముద్దనూరులో ఆయన ప్రొద్దుటూరు బస్సు కోసం దిగాడు. దిగేముందు, "పొద్దుటూర్లో వచ్చే ఆదివారం ఉండాది గదా, నేను మళ్లా సూస్తా. మీరూ రాండి మేడం" అన్నాడు. ఎనిమిదింపావుకు ఇల్లు చేరాను.

పోయేవాళ్లకు ఒక మాట. టికెట్ రాకపోతే ఇంటి దగ్గరే ఆగిపోండి. అంతకంటే చెప్పగలిగిన అర్హత నాకు లేదు.

ప్రొద్దుటూరు ఆటకు నేను పోలేదు. ఆ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది.

"సూసినా మేడం, మొదటి వరసలోనే. మీరు చెప్పినట్లే ఉండాది, తలగుడ్డతో సహా. ఒక్కటే తేడా. పనోడు వణుక్కుంటా వచ్చినాడని మీరు చెప్తిరే. మా పాప రోంత కూడా వణకల్యా. నేరుగా పోయి చెయ్యి పట్టుకునె. ఈడ మార్చుకున్నాదేమో."

మార్చుకుని ఉంటుంది అన్నాను. ఫోను పెట్టేశాను. పులివెందులలో కూడా ఆ అమ్మాయి వణకలేదు. మెట్ల మీద వణికింది నేను.