నేను తీసేయించిన ఒకటి

మా చేను సోలార్ పలకల కిందికి పోయిన ఏడాది, బుద్ధెరిగాక మొదటిసారి నాకు తీరిక దొరికింది. ఆ తీరికే నా కొంప ముంచింది.

అంతకు ముందు వానాకాలం దగ్గరపడిందంటే చాలు, మబ్బు కేసి చూడడం, విత్తే గొర్రు బాగు చేయించుకోవడం, విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచి గింజలు ఏరడం, వాన రాకపోతే దాన్ని నోటికొచ్చినట్టు తిట్టడం, ఇదే పని. చేను లీజుకిచ్చాక అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కర్ణాటకలో పావగడ దగ్గరి మా క్యాతగానచెర్లు చుట్టుపక్కల ఊళ్ళలో నాలాంటివాళ్ళు చాలామంది తెల్లారగానే తెల్లచొక్కా తొడుక్కుని టీ అంగడి ముందు కూర్చునేవారు. నేనూ కొన్నాళ్ళు కూర్చున్నాను. రోజూ అవే మాటలు, అవే ముఖాలు, విసుగొచ్చింది. ఎలాగూ ఖాళీగానే ఉన్నాడు కదా అని ఊరివాళ్ళు నన్ను బడి కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. అధ్యక్షుడు! ఆ పేరు తగిలించుకున్నాక నా నడకే మారిపోయిందని నా భార్య ఎగతాళి చేసేది. మారే ఉంటుంది.

మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. ఒక్కతే కూతురు. అది పుట్టినప్పటి నుంచీ నేను చేలోనో, సంతలోనో ఉండేవాణ్ణి గానీ దాని పక్కన కుదురుగా కూర్చున్న రోజు లేదు. ఒక సాయంత్రం నడింట్లో బోర్లా పడుకుని లెక్కల పుస్తకం ముందేసుకుని, "నాయినా, అపవర్తనలు అంటే ఏంది?" అని అడిగింది.

దానిది కన్నడ బడి. నేనేమో ఆంధ్రాలో, మడకశిర వైపు మేనమామ ఇంట్లో ఉండి ఏడో తరగతి దాకా తెలుగులో చదివినవాణ్ణి. కాసేపు తికమకపడి, ఇవి మా కారణాంకాలే అని పోల్చుకున్నాను. ఒక సంఖ్యను ఏమీ మిగలకుండా భాగించేవి కారణాంకాలు. అంతవరకే గుర్తుంది. తక్కినదంతా చదువు మానేసిన రోజే గాలికి పోయింది. "నాకు తెలీదు పాపా" అంటే సరిపోయేది. ఆ మాట నా నోటికి ఎప్పుడూ రాదు, అదే నా జబ్బు.

ఇంట్లో తినడానికి దాచుకున్న కాయల మూట ఒకటి ఉంది. అందులోంచి పన్నెండు కాయలు తెచ్చి నేల మీద పోశాను. "వీటిని వరసలుగా పేర్చు. అన్ని వరసలూ సమంగా ఉండల్ల. ఒక్క కాయ గూడా మిగలకూడదు" అన్నాను. రెండు వరసలు పేర్చింది, ఒక్కోదానిలో ఆరు. మూడు పేర్చింది, నాలుగు పేర్చింది. ఐదు వరసలు పెట్టబోతే రెండు కాయలు మిగిలాయి. "ఐదు కుదర్లా నాయినా!" అని ఎగిరి గంతేసింది. కుదరనందుకు అంత సంతోషపడే పిల్లను నేను అదే చూడడం.

గుణిజాలకు గొర్రు పనికొచ్చింది. "మన గొర్రు ఒకసారి పోతే ఎన్ని సాళ్ళు పడతాయి?" అన్నాను. "నాలుగు." "తిరిగొస్తే?" "ఎనిమిది." "మళ్ళీ పోతే?" "పన్నెండు, పదహారు, ఇరవై" అంటూ అది ఇల్లంతా గొర్రు తోలింది. నా భార్య వంటింట్లోంచి తొంగి చూసి, "అబ్బో, మేస్ట్రు దొరికినాడు మన ఊరికి" అంది. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను. చేను పోయిన దిగులు ఆ సాయంత్రాల్లోనే కాస్త తగ్గింది. రోజూ దీపం పెట్టే వేళకు అది కాయలు తెచ్చి నా ముందు కూర్చునేది. నేను ఎక్కడున్నా ఆ వేళకు ఇల్లు చేరేవాణ్ణి.

ఒకరోజు పన్నెండింటిలో ఒకటి నోట్లో వేసుకుంది. పదకొండు మిగిలాయి. ఎలా పేర్చినా కుదరలేదు. చివరికి పదకొండింటినీ ఒకే వరసగా గోడ దాకా పెట్టి, "ఇట్ల కుదిరింది నాయినా. ఒకటి గూడా రాయల్లంట కదా?" అంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. మా నాయన కళ్ళంలో కాయలు కొలిచేటప్పుడు మొదటి సేరుకు ఒకటి అనేవాడు కాదు. లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఇలా సాగేది కొలత. మా వైపు గింజలు కొలిచే ఏ ఇంట్లోనైనా అంతే. చిన్నప్పుడు నేను నోరు జారి ఒకటి అన్నందుకు కూలీలందరి ముందూ మొట్టికాయ తిన్నాను. లెక్క రెండుతోనే మొదలవుతుందని నా బుర్రలో అప్పుడే నాటుకుపోయినట్టుంది.

"ఒకటి లెక్కలోకి రాదు పాపా" అన్నాను. "అన్నీ ఒకేచోట పోస్తే అది పంచినట్టా? మన పెద్దోళ్ళు కొలతలో ఒకటి అనే మాటే అనరు. తీసెయ్. ఆ పన్నెండుకి పన్నెండు గూడా అంతే, తీసెయ్."

"మేడమ్ రాయమన్నట్టుండాది నాయినా."

"మీ మేడమ్ ఏ పొద్దన్నా కాయ కొలిచిందా? నేను చెప్పినట్ల రాయి!"

గొంతు పెంచాను కూడా. అది పుస్తకం వంక చూసింది, నా వంక చూసింది. తర్వాత రబ్బరు తీసుకుని నోటుబుక్కులో ఉన్న ఒకట్లన్నీ చెరిపేసింది.

కొన్నాళ్ళకు బడిలో పరీక్ష పెట్టారు. పన్నెండుకు కారణాంకాలు రాయమంటే రెండు, మూడు, నాలుగు, ఆరు అని రాసింది. ఎనిమిదికీ పదిహేనుకూ ఉమ్మడి కారణాంకం ఏదంటే లేదు అని రాసింది. పేజీ నిండా ఎర్ర గీతలే. తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల ఇలా ఎందుకు రాసిందని మేడమ్ అడిగితే, "మా నాయిన చెప్పినాడు" అందట.

మర్నాడు హెడ్‌మాస్టర్ గదిలో కమిటీ మీటింగు. కాంపౌండు గోడ గురించి మాట్లాడడం అయిపోయి అందరం లేవబోతుంటే, లెక్కల మేడమ్ ఆ పరీక్ష కాగితం పట్టుకుని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. మంచి మనిషి. నవ్వుతూనే కన్నడంలో అడిగింది, "అధ్యక్షులవారూ, కారణాంకాల్లో ఒకటి రాయొద్దని మీరు చెప్పారట, నిజమేనా?" అని.

గదిలో ఉన్న పదిమందీ నా వైపు తిరిగారు. మెంబర్లలో ఒకాయన, "ఏమప్పా, లెక్కలు గూడా చెప్తాండావా నువ్వు?" అని పకపకా నవ్వాడు. అవును మేడమ్, తెలీక చెప్పాను అంటే మరో నవ్వు నవ్వి ఊరుకునేవాళ్ళు. ఇంటికి పోయేలోపే మరిచిపోయేవాళ్ళు.

"నేనా?" అన్నాను. "నేను ఎందుకట్ల చెప్తా మేడమ్? దానికి అర్థంగాక నా పేరు చెప్పింటుంది."

అది వాకిలి పక్కన నిలబడి ఉంది. మామూలుగా నోరు గల పిల్ల. కాదు నువ్వే చెప్పినావని గొడవ చేస్తుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే చేస్తే బాగుండనుకున్నాను. అది నా వంక చూసిందంతే. "అబద్ధం చెప్పావా?" అని మేడమ్ అడిగితే, "అవును మేడమ్" అంది. "మరి మీ నాయనకు సారీ చెప్పు" అంది మేడమ్.

"సారీ నాయినా" అంది నా కూతురు, అందరి ముందూ. నేను తల ఊపాను. థూ, నా బతుకు! తల కూడా ఊపాను.

ఆ సాయంత్రం దీపం పెట్టినా అది పుస్తకం తేలేదు. నేనే పిలిచాను. "బడిలోనే అయిపోయింది నాయినా" అంది. మర్నాడూ అదే మాట. నేను కాయలు తెచ్చి నేల మీద పోసి కూర్చుంటే, నా భార్య వాటిని ఎత్తి మూటలో పోసింది. అమ్మాయి నాకు అన్నం పెట్టేది, మంచినీళ్ళిచ్చేది, పిలిస్తే పలికేది. నా మీద అలిగినట్టు ఒక్కనాడూ కనబడలేదు. అలిగి ఉంటే బుజ్జగించేవాణ్ణి. నాకు కావలసిందల్లా అది మళ్ళీ నా పక్కన కూర్చుని ఏదో ఒకటి అడగడం. అది మాత్రం జరగలేదు.

పదో తరగతిలో మార్కులు బాగానే వచ్చాయి. పావగడలో పీయూసీలో, అంటే ఇంటర్లో, చేర్చేటప్పుడు సైన్సు తీసుకోమని అక్కడి లెక్చరరే చెప్పాడు. "లెక్కలు నాకు పడవు సార్" అని ఆర్ట్స్ తీసుకుంది. పక్కనే నేనున్నాను. అప్పుడైనా నోరు విప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను.

మొన్నామధ్య ఆ మేడమ్‌కు బదిలీ అయింది. వీడ్కోలు సభలో పాత అధ్యక్షుడినని నన్నూ మాట్లాడమన్నారు. ఈరోజు అందరి ముందూ చెప్పేస్తాననే లేచాను. మైకు చేతికొచ్చాక ఆమె ఓపిక గురించీ, బడి పట్ల ఆమెకున్న శ్రద్ధ గురించీ నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. దిగి వస్తుంటే ఆమే నన్ను ఆపి, "మీ అమ్మాయి ఏం చదువుతోంది? లెక్కల్లో పైకి వస్తుందనుకున్నాను" అంది. డిగ్రీ మేడమ్, అని మాత్రం అన్నాను.

తిన్నగా ఇంటికి వచ్చాను. అమ్మాయి సెలవులకు వచ్చి ఉంది. పంచలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. చెప్పులు కూడా విప్పకుండా నిలబడే చెప్పాను.

"పాపా, ఆ పొద్దు కమిటీ ముందర అబద్ధం చెప్పింది నేను. ఒకటి రాయొద్దని నీకు చెప్పింది నేనే. తెలీక తప్పు చెప్పినా. ఒప్పుకునేకి సిగ్గయింది."

దాని చెయ్యి ఆగలేదు. ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"నువ్వు చెప్పింది తప్పని నాకు అప్పుడే తెలుసు నాయినా" అంది. "బుక్కులో ఉన్నింది కదా, ఒకటి నుంచే."

"మరి ఎందుకు చెరిపేసినావు పాపా?"

"నువ్వు చెప్పినావని."