సొంతూరి ముందు ఆగనివాడు

సాతుర్నినో ఊపిరితిత్తుల్ని బొగ్గు గని తినేసింది. గుమ్మం నుంచి పశువుల కొట్టం దాకా నడవాలన్నా మధ్యలో గోడ పట్టుకుని ఆగాల్సిందే. అలాంటివాడి కొడుకు లిసార్డో స్పెయిన్‌లోని అస్తూరియాస్ కొండల్ని సైకిల్ మీద ఈల వేసుకుంటూ ఎక్కేవాడు.

"నా వాటా ఊపిరి కూడా ఈ వెధవే లాగేసుకున్నాడు" అని ఆపిల్ సారా కొట్టులో తండ్రి మురిసిపోయేవాడు.

ఏం లాభం! పందేల్లోకి దిగాక లిసార్డో పనల్లా ఇంకొకణ్ణి కొండ ఎక్కించడమే. జట్టు నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కడం, శిఖరం దగ్గర పడగానే పక్కకు తప్పుకోవడం. ఫోటోల్లో నాయకుడు నవ్వుతుంటే ఇతను ఎక్కడో వెనక రొప్పుతూ ఉండేవాడు. ఒక్కటంటే ఒక్క పందెం గెలవలేదు. ఆ ఏడాదితో జట్టు తనను వదిలించుకుంటుందని అతనికి తెలుసు.

సరిగ్గా ఆ ఏడాదే స్పెయిన్ చుట్టే పెద్ద పందెం వాళ్ళ ఊరి మీదుగా కొండ ఎక్కింది.

పందెగాళ్ళలో ఒక మర్యాద ఉంది. దారిలో ఎవరి ఊరు వస్తే వాణ్ణి ముందుకు వదులుతారు. వాడు దిగి ఇంటివాళ్ళను ముద్దు పెట్టుకుని, వెనకొచ్చే గుంపులో మళ్ళీ కలుస్తాడు. ఆ కాసేపూ ఎవరూ పోటీ పడరు. గుంపుకు పెద్ద తలకాయ అయిన అర్రియేటా ఆ రోజు వీపు తట్టి పంపాడు.

"పోరా, మీ నాన్నను చూసిరా. మేం మెల్లగా వస్తాంలే. ముసలాయన్ని ఏడిపించకు!"

"సరే అన్నా."

వర్షం మొదలైంది. ఊరివాళ్ళు సాతుర్నినోను వంటింటి కుర్చీతో సహా రోడ్డు పక్కకు మోసుకొచ్చారు. కొండ దిగేటప్పుడు చలిగాలి తగలకుండా కొడుకు చొక్కా లోపల పెట్టుకుంటాడని, పొడి వార్తాపత్రిక ఒకటి ఆయన కోటులో దాచి తెచ్చాడు. కొడుకు కనబడగానే దాన్ని చాచి పట్టుకుని సగం లేచాడు.

లిసార్డో ఆయన్ని చూశాడు. వెనక గుంపు కనుచూపు మేరలో లేదు. ముందు శిఖరం ఉంది. ఇంతకన్నా అవకాశం జన్మలో రాదనిపించింది. పెడల్ మీద నిలబడి తొక్కేశాడు.

శిఖరం ఒంటరిగానే దాటాడు. దిగుడులో చలి రొమ్ములోకి దిగింది, వేళ్ళు కొయ్యబారాయి, బ్రేకు అందలేదు. మలుపులో రాతిగోడకు కొట్టుకుని పడ్డాడు. ఒకరి తరువాత ఒకరు దాటిపోయారు, ఒక్కడూ తల తిప్పలేదు. చివరి గుంపులో వచ్చిన అర్రియేటా మాత్రం ఆగాడు. తన చొక్కాలోంచి వార్తాపత్రిక తీసి మీదికి విసిరాడు.

"మీ నాన్న ఇచ్చాడు. చలేస్తుంది, వాడికివ్వమన్నాడు."

ఆ తరువాత గుంపు అతన్ని బతకనివ్వలేదు. ఏ పందెంలో కాస్త ముందుకు కదిలినా అందరూ కలిసి వెంటపడి పట్టేసేవారు. దాహమన్నా గుక్కెడు నీళ్ళు ఇచ్చినవాడు లేడు. ఆకులు రాలేనాటికి ఇంటికొచ్చి పేడ ఎత్తుతున్నాడు.

సారాకొట్టులో ఎవరు కదిపినా తండ్రిది ఒకటే మాట: "జనం అడ్డమొచ్చారు, వాడు నన్ను చూడలేదు."

మంచు పడేనాటికి సాతుర్నినో మంచం దిగలేకపోయాడు. దిండుకు చేరగిలబడి, ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటూ అడిగాడు.

"ఒరేయ్, ఆ రోజు నన్ను చూశావా?"

లిసార్డో దుప్పటి సర్దాడు. "లేదు నాన్నా. జనం అడ్డమొచ్చారు."



"ఆ అబద్ధం నేను ఊళ్ళోవాళ్ళకి చెప్పుకున్నాను, నీ పరువు పోకూడదని. నాకెందుకురా చెప్తావు?"

గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున లిసార్డో పాలు వేడిచేసి తెచ్చేసరికి ఆయన అటే తిరిగి ఉన్నాడు, చల్లబడిపోయి.