రోజమ్మ రాసిన జవాబు

బతికున్న పిల్లకి సంతాపం రాసినవాణ్ణి నేను. ఆ సంగతి దాచుకుంటే ఈ ప్రయాణం ఎందుకు చేశానో చెప్పటం కుదరదు కాబట్టి, ముందే ఒప్పుకుంటున్నాను.

మా పెదనాన్న కూతురు శౌరమ్మక్కది రెంటచింతల. ఆమె ఒక్కగానొక్క కూతురు రోజమ్మకి పదహారో ఏట మెడమీద గడ్డ లేచింది. రాచపుండన్నారు, అంటే కాన్సరు. మద్రాసు తీసుకుపోయారు. అక్కడిదాకానే నాకు కబురు. ఆ జబ్బుతో మద్రాసు రైలెక్కినవాళ్ళు తిరిగొచ్చినట్టు నేనెక్కడా వినలేదు. నాలుగు నెలలు చూసి, మిగతా కథ నేనే ఊహించుకున్నాను. నరసరావుపేట హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి; అవసరం లేనిచోట కూడా సమాసాలు వేసే అలవాటు. మూడు పేజీలు రాసి పోస్టులో వేశాను. అసలే ఎండకి పేరుపడ్డ ఊరు. తాపానికి కొదవలేని చోటికి సంతాపం కూడా పంపించాను.

పదిహేను రోజులకి కార్డు వచ్చింది. "తమ్ముడికి, నీ ఉత్తరం చేరింది. మేమంతా క్షేమం. సెలవుల్లో తప్పక రావలెను. ఇట్లు శౌరమ్మ. వ్రాసినది: రోజమ్మ."

ఆ చివరి మాట నాలుగుసార్లు చదివాను. నేను సాగనంపిన పిల్ల గుండ్రటి అక్షరాలతో నన్ను రమ్మంటోంది!

మే నెలాఖరున, పొద్దున ఆరింటికి నరసరావుపేటలో బస్సెక్కాను. ఎనిమిదింటికి పిడుగురాళ్ళ. సున్నపు బట్టీల దుమ్ముకి ఊరంతా వెల్ల వేసినట్టుంది. స్టేషను బయట రెండు ఇడ్లీలు తిన్నాను. వాటి తెలుపులో సున్నం వాటా ఎంతో తేల్చుకోలేకపోయాను. తొమ్మిదింబావుకి రావలసిన మాచర్ల పాసింజరు పదింటికి వచ్చింది. పెట్టె నిండా సాగరు డాము పనికి పోయే కూలీలు. పక్కన కూర్చున్న ముసలమ్మ ఏ ఊరికని అడిగింది. చెప్పాను.

"ఈ ఎండల్లో రెంటచింతలా! ఎవరన్నా పోయారా నాయనా?"

"పోలేదమ్మా. అందుకే పోతున్నాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, మూట ఒళ్ళోకి లాక్కుంది.

పన్నెండు దాటాక రెంటచింతలలో దిగాను. పేరులోనే రెండు చింతలున్న ఊరు. మూడోది మా అక్క ఇంట్లో ఉందని చెంబుతో నీళ్ళిచ్చి కాళ్ళు కడుక్కోమనేలోపే తెలిసింది. నా యోగక్షేమాలు అడుగుతూనే అక్క, "ఏమే, ఇట్టా రా" అని కూతుర్ని పిలిచింది. రోజమ్మ వచ్చి తల వంచింది. అక్క కళ్ళు మూసుకుని ఆ పిల్ల చెవుల వెనకా, దవడ కిందా వేళ్ళతో తడిమింది. ఎడమవైపు కత్తి పెట్టిన గాటు, కరెంటు పెట్టిన చోట కమిలిన నలుపు. "ఏం లేదు" అని కళ్ళు తెరిచింది. గంట తరువాత మళ్ళీ పిలిచింది. పక్కింటి పిన్ని వచ్చి తనూ ఒకసారి తడిమిపోయింది.

"చర్చి గంట తాడుని కూడా రోజుకి మూడుసార్లే పట్టుకుంటారు మావయ్యా. నా మెడకి లెక్కే లేదు" అంది రోజమ్మ.

మా బావ ఇన్నయ్య పొలంలో కుండెడు నీళ్ళుండగా మంచినీళ్ళ నెపంతో ఇంటికొచ్చి, గుమ్మంలోంచి పిల్లని చూసి పోతున్నాడు. నేనున్న ఆ మధ్యాహ్నమే మూడుసార్లు దాహం వేసింది ఆయనకి.

అన్నాలయ్యాక అక్క కునుకు తీసింది. వరండాలో రోజమ్మా నేనూ మిగిలాం. నేను గొంతు సవరించుకుని, "ఆ ఉత్తరం..." అన్నాను.

"అమ్మకి నేనే చదివా. అమ్మకి చదువు రాదు, నాన్నకి సంతకం దాకానే. నువ్వు 'పరలోకప్రాప్తి' అని రాసినచోట 'పైచదువుల ప్రాప్తి' అని చదివా. పైచదువులేంది, పదకొండో తరగతే ఇంకా కాలా అన్నాడు నాన్న."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"చచ్చిపోతానని అందరూ అనుకున్నారని నీ ఉత్తరం చూసిందాకా నాకు తెలవదు మావయ్యా. మద్రాసులో ఎవరూ చెప్పలా. ఇంట్లో గడ్డ అనే మాటే ఎత్తరు. గడ్డపెరుగుని కూడా ఉత్త పెరుగంటారు. మొక్కుకని నా ఎత్తు కొవ్వొత్తి చేయించారు. వెలిగించేలోపల నేను అంగుళం పెరిగితే అమ్మ ఏడ్చింది. నా ఒంట్లో ఏది పెరిగినా వీళ్ళకి భయమే."

"నా మీద కోపం రాలేదా?"

"రాలా. ఎంత దూరం పోయి వచ్చానో అప్పుడే తెలిసింది. అంత దూరం పోయి వచ్చింది ఈ గుమ్మంలో కూర్చోటానికా? నన్ను నీ ఇంట్లో పెట్టుకుని పదకొండో తరగతి చదివించు. లేదంటే ఆ మూడు పేజీలు రాసింది రాసినట్టు నాన్నకి చదువుతా."

పండితుణ్ణి ఇంత శుభ్రంగా ఇరికించిన విద్యార్థిని నా సర్వీసులో లేదు.

సాయంత్రం అయిదింటికి బావ ముందు మాట కదిపాను. ఆయన తలపాగా తీసి దులిపాడు. "నీ దగ్గరంటే నాకు బెంగ లేదు బామ్మర్దీ. అక్కడ మెడెవరు చూస్తారు? నీకు చేతనయిద్దా?"

ఎందుకు కాదని ధీమాగా చెయ్యి చాపాను. రెండు నిమిషాలు తడిమి, "ఇదేమిటి, ఇక్కడ గట్టిగా ఉంది!" అన్నాను. అక్క చేతిలో చేట జారి పడింది. బావ గోడ పట్టుకున్నాడు.

"అది దవడెముక మావయ్యా. నీకూ ఉంది, తడుముకో" అంది రోజమ్మ.

తడుముకున్నాను. ఉంది. కానీ అక్క తనూ ఒకసారి తడిమి చూసుకున్నాకగానీ చేట ఎత్తలేదు. మద్రాసు డాక్టర్లు జబ్బు తగ్గించి పంపారు. తగ్గాక ఎట్లా బతకాలో మాత్రం చీటీ మీద రాసివ్వలేదు.

"అమ్మా, నేనే చూసుకుంటా. నాకు నేర్పు" అంది రోజమ్మ.

ఊళ్ళో సగంమంది ముట్టిన ఆ మెడని ఆ పిల్ల మాత్రం ముట్టుకోకూడదని అక్క కట్టడి. తలంటినా అక్కే. అందుకని అక్క కదల్లేదు. చివరికి బావే, "నేర్పవే" అన్నాడు. అక్క కూతురి చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మెడమీద ఆనించింది.

"ఇక్కడ కొట్టుకుంటంది చూడు, అది నరం. దానికి భయపడమాక. ఇది ఎముక. ఇవి కాక ఇంకేదన్నా తగిలితే..."

"ఉత్తరం రాస్తా" అంది రోజమ్మ.

"ఎవరు చదువుతారే?" అన్నాడు బావ.

"బడి పంతులమ్మ చదువుద్ది. నాకుమల్లే మార్చకుండా."

బావకి ఆ మాట అర్థం కాలేదు, నా అదృష్టం. లేచి అటక మీది ట్రంకుపెట్టె దించాడు.

మర్నాడు ఏడింటికి మాచర్ల నుంచి వచ్చే నరసరావుపేట బస్సు. ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ పక్క గొడుగూ ఖద్దరూ ధరించిన పెద్దమనిషి. మధ్యలో నేను, ఈ చివర రోజమ్మ. గురజాల చేరేలోపు రోజమ్మ తాగి నాకందించిన గ్లాసుతోనే మా కూజాలోంచి ఆయన రెండు గ్లాసులు పుచ్చుకుని, నీళ్ళు బాగున్నాయని మెచ్చుకున్నాడు. గురజాల దాటాక వంగి చూసి, "పాపా, మెడ కాలిందా?" అన్నాడు.

అవునని చెప్పబోయాను. రోజమ్మే ముందు అంది: "కాదండీ. రాచపుండు. నయమయింది."

"అది అంటుకుద్దంట గదా?"

"అంటుకోదు" అన్నాను. ఆయన నమ్మలేదు. గొడుగు తీసి తనకీ నాకూ మధ్య నిలువుగా పెట్టి, కిటికీకి కరుచుకున్నాడు. రోజమ్మ ఓణీ పైకి లాగి మెడ కప్పుకుంది. ఇంట్లో ఒక్కసారి కూడా అట్లా చేయలేదు. నాకు ఒళ్ళు మండింది.

దాచేపల్లి కనుచూపు మేరలోకి వచ్చాక కూజా మూత తీసి, "ఇంకాసిని పుచ్చుకుంటారా?" అని వినయంగా అడిగాను. "కూజా పాపదే. గ్లాసూ ఆమెదే. మీరు తాగిన రెండూ ఆమె ఎంగిలి గ్లాసుతోనే. ఇక గొడుగెందుకు, శ్రమ?"

దాచేపల్లిలో బస్సు ఆగగానే ఆయన హోటలు ముందు తొట్టి దగ్గరికి పరుగెత్తి, గొంతు పట్టుకుని పుక్కిలించటం మొదలుపెట్టాడు. నేను రోజమ్మని కిటికీ పక్కకి జరగమన్నాను. ఆయన తిరిగొచ్చి సీటు వంక చూశాడు.

"రండి, బోలెడు చోటుంది" అన్నాను.

నరసరావుపేట దాకా నిలబడే వచ్చాడు. కిటికీలోంచి వచ్చే గాలికి రోజమ్మ ఓణీ మెడమీంచి జారింది. తను సర్దుకోలేదు.