చిరగని జాకెట్టు

1984లో గురజాల బస్టాండు వెనక నా టైలరింగ్ షాపు. నాకు నోటిదురుసు ఎక్కువే గానీ, నా కుట్టు ఊడిందని అప్పటిదాకా ఎవరూ తిరిగి రాలేదు. ఆ గర్వంలో ఉండగా, మాచవరం వైపు నుంచి నాగమ్మ అనే కూలీమనిషి వచ్చి పీలికలైన జాకెట్టొకటి నా బల్ల మీద పెట్టింది.

"ఏందిది? కుక్కలు పీకినయ్యా?" అన్నాను.

"మా పిల్ల సుబ్బులు చింపిందన్నా. ఇరవయ్యేళ్లొచ్చినా మాట రాదు, చెప్పింది తెలియదు. ఒంటి మీద గుడ్డ నిలవనీదు. ఆపడం ఇంట్లో మా ముసలత్త వల్ల కాదు, చేతులు మంచానికి కట్టేసి మిరప కోతకి పోతన్నా. చిరక్కుండా కుట్టన్నా, నీకు దణ్ణం పెడతా."

కాన్వాసుతో, అంటే కాలరు బిర్రుగా నిలవడానికి లోపల వేసే గుడ్డతో, డబుల్ కుట్టు వేసి జాకెట్టు కుట్టిచ్చాను. ఇక చింపమను చూద్దాం అనుకున్నాను.

నాలుగో రోజున నాగమ్మ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. సుబ్బులు గోళ్లు విరిగి, వేళ్ల నుంచి నెత్తురు కారుతోంది.

"నీ జాకెట్టు బాగానే ఉందన్నా, పిల్ల చేతులే బాగాలేవు. మళ్లీ కట్టేయాల్సిందేనా?" అని ఏడ్చింది.

ఛీ, ఏం పని చేశాను! పిల్ల వేళ్లకి కట్టు కడదామని బల్ల మీది పాప్లిన్ అందుకున్నాను. మా పనిలో అంచున కత్తెరతో నాచ్, అంటే చిన్న గాటు, పెట్టి లాగితే గుడ్డ తిన్నగా చిరుగుతుంది. అలాగే లాగాను, చర్రుమంది. అప్పటిదాకా మూలుగుతున్న సుబ్బులు గమ్మున ఇటు తిరిగింది. ఇంకోసారి చింపాను. పకపకా నవ్వింది!

గాటు పెట్టిన తునకొకటి చేతికిచ్చాను. మెల్లగా లాగింది. చిరిగిన అంచుని చెంపకి రాసుకుని, మళ్లీ లాగింది.

"ఒసేయ్, షాపంతా చింపుతావేందే!" అంటూ నాగమ్మ కళ్లు తుడుచుకుంది.

ఉన్న కట్‌పీసులన్నిటికీ గాట్లు పెట్టి సంచినిండా ఇచ్చాను. మెత్తటి నూలుతో మామూలు జాకెట్టొకటి కుట్టాను.

వారానికి నాగమ్మ ఒక్కతే వచ్చింది. మిషను ఆపి అడిగాను, "జాకెట్టేమైంది?"

"ఒంటి మీదే ఉందన్నా. మా అత్త పక్కన కూచోని తునకలు అందిస్తంది. చేతులు కట్టడం మానేశా. ఇంకో సంచి ఇస్తావా?"

హమ్మయ్య! ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చిరగకుండా కుట్టమంటే గుడ్డ గట్టిదనమే చూశాను గానీ, చింపే పిల్లకి ఏం కావాలో చూడలేదు. అప్పటినుంచి టేపు తీసేముందు, తొడుక్కునే మనిషిని కాసేపు చూస్తున్నాను.