జాతి కుక్కకు దక్కని పది రోజులు

మా కార్మికవాడలో కుక్కల గురించి మూడు సిద్ధాంతాలు చలామణీలో ఉండేవి. అంగిలి నల్లగా ఉన్న కుక్క తప్పక కరుస్తుందనేది మొదటిది. వెనక కాళ్లకు అదనపు గోరున్న కుక్క ఇంటిని బాగా కాస్తుందనేది రెండవది. ఆఫీసర్ల బంగ్లాల్లో పెరిగే అల్సేషన్‌లో సగం తోడేలు రక్తం ఉంటుందని, ఒకసారి మనిషి నెత్తురు మరిగితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదని మూడవది. మొదటి రెండింటినీ నేను నాకు చేతనైనంతలో పరీక్షించాను. వీధిలో మచ్చికైన కుక్కల నోళ్లు తెరిచి, వెనక కాళ్లు పట్టి చూసి, వాటి చరిత్రలు ఇంటింటా విచారించాను. అంగిలి రంగుకూ కాటుకూ, అదనపు గోరుకూ కాపలాకూ పొంతన కనబడలేదు. నేను చూసిన కుక్కలు తొమ్మిదే కనుక అది రుజువు కాదని కూడా నాకు తెలుసు. మూడవ సిద్ధాంతం నా ముందుకు వచ్చిన రోజున నేను ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర నేను గోదావరిఖనిలో బొగ్గు పరీక్షశాలలో కెమిస్టుగా ఉండేవాణ్ణి. వ్యాగన్ల మీదికెక్కి నమూనాలు తీయడం, పొడి చేయడం, కాల్చడం, మిగిలిన బూడిదను తూచడం నా పని. ఏ గని బొగ్గో వినగానే గ్రేడు చెప్పేసే పెద్దలు అప్పట్లో చాలామంది ఉండేవారు. ఒకే గనిలో, ఒకే పొరలో, పది గజాల తేడాతో బూడిద శాతం మారిపోవడం నేను వారం వారం చూసేవాణ్ణి. పేరు విని నిర్ణయించడం మీద నాకున్న అపనమ్మకం అక్కడ పుట్టింది.

పక్క క్వార్టరులో ఒక టింబర్‌మన్ ఉండేవాడు. గనిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. మాకు చుట్టరికం లేదు కానీ ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. ఒక చలికాలంలో చిన్నపిల్లను వీధిలోని గోధుమరంగు కుక్క పిక్క మీద కరిచింది. కుళాయి కింద సబ్బుతో కడిగి దవాఖానకు తీసుకుపోయాం. కుక్క దొరికితే చంపకుండా పది రోజులు కట్టేసి చూడమన్నాడు డాక్టరు. కాటు వేసేనాటికే పిచ్చి సోకిన కుక్క పది రోజులకు మించి నిలవదు. నిలిచిందంటే ఆ కాటులో పిచ్చి లేనట్టే. మధ్యలో అది జబ్బుపడితే మాత్రం వెంటనే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు మొదలుపెట్టాలి. ఆ మందును అప్పట్లో గొర్రె మెదడు నుంచి తయారుచేసేవారు. ఎప్పుడో ఒకరికి అదే మందు నరాలను దెబ్బతీస్తుందని, అందుకే అవసరం లేనిదే వేయనని ఆయన నాతో చెప్పాడు.

కుక్కను మా వాకిట్లో కట్టేశాను. బావ మొదటి షిఫ్టుకు పోతూ, గని టోపీ చంకలో పెట్టుకుని, రోజూ మా గేటు దగ్గర ఆగేవాడు.

"ఏం బావా, మీ చుట్టం లేచిందా?"

"లేచింది. నీకంటె ముందే లేచింది."

పదో రోజున కుక్కను విప్పేశాం. "నా బిడ్డ కన్న నీ కుక్కే బలిసింది పో" అన్నాడు బావ. పిల్లకు ఒక్క సూది కూడా పడలేదు.

మరుసటి ఎండాకాలంలో ఒక ఆఫీసరు కొత్తగూడేనికి బదిలీ అయి, తన అల్సేషన్‌ను బంగ్లా మాలికి వదిలిపోయాడు. మాలిది మా లైనులో చివరి ఇల్లు. అతను దాన్ని వీధికుళాయి పక్కనున్న కరెంటు స్తంభానికి మూరెడు గొలుసుతో కట్టాడు. అక్కడ నీడ లేదు. మధ్యాహ్నం ఆ స్తంభాన్ని ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. గొలుసు పెంచి నీడకు మార్చమని నేను రెండుసార్లు చెప్పాను.

"ఇడిస్తె ఎవన్నో ఒకన్ని పీకుతది సారు. దాని జాతే అసొంటిది" అన్నాడు మాలి. అతను క్రూరుడు కాడు. తన అన్నంలో సగం దానికే పెట్టేవాడు.

ఒక సాయంత్రం నీళ్లు వదిలినప్పుడు కుక్క తాగే సత్తుగిన్నె కుళాయి కింద ఉంది. బావ తన బకెట్ పెట్టడానికి ఆ గిన్నెను చేత్తో పక్కకు జరిపాడు. కుక్క అతని ముంజేతిని పట్టుకుంది, వదిలింది, మళ్లీ పట్టుకుంది. వరుసలో నిలబడ్డ నా భార్య చూసింది కనుక ఈ క్రమం నాకు తెలుసు. అతను అక్కడే చెయ్యి కడుక్కుని, తువ్వాల చుట్టుకుని, ఎవరిదో సైకిలు వెనక కూర్చుని దవాఖానకు వెళ్లాడు.

నేను చేరేసరికి ఏడెనిమిది మంది కుక్క మెడకు తాడు బిగించి నేలకు అదిమి ఉన్నారు. అది పెనుగులాట మానేసి రొప్పుతోంది. మాలి పిలిస్తే చెవులు కదిలించింది. నేను గమనించగలిగింది అంతే.

"చంపకుర్రి. పది రోజులు కట్టేసి చూద్దాం. చంపితే తెలుసుకునే తొవ్వ ఉండది" అన్నాను.

గడ్డపార పట్టుకున్న లారీ మెకానిక్కు నవ్వాడు. "కట్టేస్తెనే కరిసింది గద సాబ్. ఇంక ఎట్ల కడ్తరు?"

"గది ఊరకుక్క కాదు సారు. నెత్తురు మరిగింది" అన్నారు ఇంకెవరో.

"మరుగుడు గిరుగుడు ఏం ఉండది. నిరుడు ఆ కుక్కకు చేసిందే దీనికీ చేద్దాం."

"మంచిది. అయితె మీ వాకిట్లనే కట్టుర్రి" అన్నాడు మెకానిక్కు. అతని గొంతులో ఎకసెక్కం లేదు. గడ్డపార కిందికి దించాడు కూడా. అందరూ నావైపు చూశారు. నేను అవునంటే ఆ తాడు నా చేతికే ఇచ్చేవారని నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

నేను కుక్క నోటివైపు చూశాను. మూడేళ్ల మా పాప గుర్తొచ్చింది. మా వాకిలి నుంచి గడపకు ఎన్ని అడుగులో లెక్క వేసుకున్నాను. చివరికి నా నోట వచ్చిన మాట ఇది: "మాలి ఇంటికాడ ఉంటెనే మంచిగుంటది."

"నాతోటి కాదు సారు" అన్నాడు మాలి.

"సారుకు గూడ భయమే" అని ఎవరో అంటే ఒకరిద్దరు నవ్వారు. ఆ తర్వాత గడ్డపార లేచింది. కనీసం తల పాడుచేయకండని, మెదడు పరీక్షకు పంపొచ్చని నాకు తోచి, చెప్పేలోపే ఆ తల పరీక్షకు పనికిరాకుండా పోయింది. కళేబరాన్ని పాత క్వారీ గుంతలో పడేశారు.

నేను దవాఖానకు వెళ్లగానే డాక్టరు మొదట అడిగింది కుక్క ఉందా అని. చంపేశారని చెప్పగానే సూదులు రాశాడు. ఆయన చేసింది సరైన పనే. కుక్క చేతిలో లేనప్పుడు పిచ్చి ఉందనుకోవడం తప్ప వైద్యానికి మరో దారి లేదు.

"బావా, నా పొట్ట మీద క్యారంబోర్డు ఆడుతున్నరు" అన్నాడు బావ నాలుగో రోజున. తొమ్మిదో సూది తర్వాత జ్వరం, తలనొప్పి వచ్చాయి. మర్నాడు కాళ్లలో చీమలు పారుతున్నట్టుందన్నాడు. ఇంకో రెండు రోజులకు మంచం మీది నుంచి లేవలేకపోయాడు, మూత్రం ఆగిపోయింది. డాక్టరు సూదులు ఆపి హైదరాబాదుకు పంపాడు. రెండు నెలలకు తిరిగొచ్చేసరికి ఎడమకాలు కొంత మాట వింటోంది, కుడికాలు వినడం లేదు. అతని నౌకరీ అంతా కాళ్ల మీద నిలబడి నెత్తికి పైన దిమ్మె బిగించే నౌకరీ.

కుక్కకు టీకాలు వేయించారా అని పాత యజమానికి ఉత్తరం రాశాను. ఏటా వేయించామని, సామాను మార్చడంలో చీటీ పోయిందని జవాబు వచ్చింది. మా పరీక్షశాలలో చీటీ లేని నమూనాను తీసుకోం. ఆ జవాబును కూడా నేను తీసుకోలేకపోయాను. కుక్కకు పిచ్చి ఉండి ఉంటే ఆ సూదులు అతని ప్రాణం కాపాడాయి. లేకుంటే ఊరికే కాళ్లు తీసుకున్నాయి. ఈ రెండింటిలో ఏది నిజమో చెప్పగలిగిన ఒకే సాక్ష్యాన్ని గుంతలో పడేశాం.

వాడకు మాత్రం సందేహం లేదు. "చూసిన్రా, జాతి కుక్క కాటు. చేతిని కరిస్తె కాళ్లు పడిపోయినయ్" అన్నారు. మూడవ సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి రుజువు వాళ్లకు అక్కర్లేదు. అది కాటు వల్ల కాదు, మందు వల్ల అని చెప్పడం నాకు కష్టం కాదు. కానీ ఆ మాట కుళాయి దగ్గర పడితే, రేపు నిజంగా పిచ్చికుక్క కరిచినవాడు సూదులకు వెళ్లడు, వెళ్లనివాడు చస్తాడు. అబద్ధమని తెలిసిన రుజువుతో ఆ సిద్ధాంతాన్ని అలా నా ఎదుటే బలపడనిచ్చాను.

ఇంకొక సంగతి చెప్పాలి. గోధుమరంగు కుక్క పళ్లూ అల్సేషన్ పళ్లూ చేసిన గాయాల్లో చెప్పుకోదగిన తేడా లేదు. రెండూ నేను చూశాను. మొదటిదాన్ని కట్టేయడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. జాతిని బట్టి స్వభావం లేనే లేదని నేను అనను. ఉందో లేదో తేల్చేంత ఆధారం అప్పుడూ నా దగ్గర లేదు, ఇప్పుడూ లేదు. నమ్మనని చెప్పుకున్నవాణ్ణి, నమ్మినవాడు ఏం చేసేవాడో అచ్చం అదే చేశానన్నది మాత్రం తేలిన విషయం.

మెడికల్ బోర్డు బావను పనికి అన్‌ఫిట్ చేసింది. క్వార్టరు ఖాళీ చేసి శ్రీరాంపూర్‌లోని బావమరిది ఇంటికి పోతున్న రోజు పొద్దున్నే నేను వెళ్లాను. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య బట్టలు మూటకడుతోంది.

"బావా, ఒకటి అడుగుత. ఆ కుక్కకు పిచ్చి ఉండెనా?"

"తెల్వది బావా."

"చంపకపోతె తెలుస్తుండెనా?"

"తెలుస్తుండె."

అతను కుడి మోకాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకున్నాడు. "కుక్కను నీ వాకిట్ల కట్టుమన్నరట గద."

అతని భార్య చేతులు ఆగాయి.

"అన్నరు" అన్నాను.

"మరి?"

"భయమైంది. ఇంట్ల చిన్నపిల్ల ఉండె."

"నిరుడు గూడ ఉండె గద పిల్ల" అన్నాడు. అందులో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో చూస్తున్నట్టు అన్నాడు.

"అన్నా, లారీ వచ్చింది" అంది అతని భార్య, నావైపు చూడకుండా. నేను వంగి అతని చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. కాటు మచ్చలున్న చెయ్యి అది. అతను కాసేపు అలాగే ఉండి, తర్వాత బరువు మోపాడు.