సగం పాట విన్నావిడ

మేముండే ఎడారి దేశంలో, రువీ అనే పేటలోని పాత చర్చిలో ఏటా చలికాలం శాస్త్రీయ సంగీత కచేరీలు జరుగుతాయి. అక్కడ మొదటిసారి కీర్తన పాడటానికి ఊరి చివర మబేలాలో బస్సెక్కిన రోజు, భయంతో పాట రాసుకున్న కాగితాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

పక్క సీటులో ఎవరో తెలుగావిడ. "ఏంటమ్మా, అలా వణికిపోతన్నావ్?" అంది. చెప్పాను.

"నాకూ భయంగానే ఉందమ్మా. స్కానింగుకి ఎల్తన్నాను. ఏదీ, నాకోసం పాడు."

మెల్లగా ఎత్తుకున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని నా చేతి మీద తాళం వేసింది. ఆ వేళ్ళు నా చేతికన్నా చల్లగా ఉన్నాయి. రెండో చరణంలో ఉండగా ఆసుపత్రి స్టాపు వచ్చింది.

"మిగతాది చర్చికొచ్చి వింటాలే," అని దిగిపోయింది.

ఇప్పటికీ ప్రతి చలికాలం, ఆ చరణం దగ్గరికి రాగానే తలుపు వైపు చూస్తూ పాడతాను.